నూనె తల, ఇనుప తాళాలు: మెదడు పరీక్షల దగ్గర చేయవలసినవి, చేయకూడనివి

ఉస్మానియా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ 1929లో మొదలైంది. మనిషి నెత్తి మీద నుంచి మెదడు కరెంటును గీతలుగా పట్టుకోవచ్చని జర్మనీ డాక్టర్ హాన్స్ బెర్గర్ పత్రికలో ప్రకటించిందీ ఆ ఏడాదే. ఇప్పుడు ఆ కాలేజీలో బయోమెడికల్ ఇంజనీరింగ్ విభాగమే ఉంది. ఆ గీతల పరీక్ష ఈఈజీ మీదో, స్కాన్ బొమ్మల మీదో ప్రాజెక్టు చేసే విద్యార్థులకూ, వాళ్ల మాట కాదనలేక కుర్చీలో కూర్చునే హాస్టల్ మిత్రులకూ, పరీక్ష రాయించుకుని స్కాన్ సెంటర్‌కు బయల్దేరే తార్నాక, లాలాపేట వాళ్లకూ కలిపి రాస్తున్న జాగ్రత్తలివి. గోడకు అంటించిన నిబంధనల కాగితం ఎలాగూ ఎవరూ చదవరు.

తలకు వైర్లు పెట్టేటప్పుడు

ముందు రోజు షాంపూతో తలంటుకోండి. కండిషనర్ వద్దు, నూనె అసలే వద్దు. దువ్వెన కొనతో పాయ తీసి, బయటపడ్డ చర్మాన్ని గరుకు జెల్ అద్దిన దూదిపుల్లతో రెండు మూడు సార్లు రుద్ది, పేస్టుతో ఎలక్ట్రోడ్ అతికిస్తారు. చర్మం దగ్గర అడ్డు 5 కిలోఓమ్‌ల లోపుకు దిగితే గీత శుభ్రంగా వస్తుంది. కొబ్బరి నూనె తల అయితే ఎంత రుద్దినా ఆ అంకె దిగదు. మెదడు నుంచి నెత్తి మీదకు చేరేది 50 మైక్రోవోల్టులు అనుకుంటే, గోడ గడియారం సెల్లులో 30 వేలో వంతు. అంత సన్నటి దానికి నూనె పొర కూడా గోడే.

రుద్దేవాళ్లు రక్తం చెమర్చేలా రుద్దకండి. ఇంకో సంగతి చాలామంది మర్చిపోతారు. పొడి చర్మం కరెంటుకు సహజమైన అడ్డు. మనం పనిగట్టుకుని దాన్నే తీసేస్తున్నాం. అందుకే మామూలుగా ముట్టుకుంటే ఏమీ కాని లీకేజీ కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. ఇలాంటి వైద్య పరికరాల్లో మామూలు పరిస్థితిలో రోగి ఒంట్లోకి లీకయ్యే కరెంటు 100 మైక్రోఆంపియర్లు దాటకూడదని అంతర్జాతీయ ప్రమాణం.

కోఠి గుజరాతీ గల్లీలో కొన్న చిప్పులతో సొంతంగా యాంప్లిఫైయర్ కట్టుకునే కుర్రాళ్లంటే నాకు ఇష్టమే. కానీ దాన్ని బ్యాటరీ మీదే నడపండి. ల్యాప్‌టాప్‌కు కలిపితే ఛార్జర్ పీకేయండి. బ్లూటూత్‌తో పంపగలిగితే మరీ మంచిది. ఒక ల్యాబులో వలంటీర్‌గా కూర్చున్న అబ్బాయి, "అన్నా, నెత్తి మీద చీమలు పాకుతున్నట్టుంది" అన్నాడు. చూస్తే ఎర్తు లేని ఎక్స్‌టెన్షన్ బోర్డు, దానికి చవకరకం ఛార్జర్, ఛార్జర్‌కు ల్యాప్‌టాప్, ల్యాప్‌టాప్‌కు ఆ అబ్బాయి తల. అందరం నవ్వేశాం. నవ్వాల్సిన విషయం కాదది. గోడ ప్లగ్గుకు తగిలించిన ఆసిలోస్కోప్‌ను మనిషి తలకు నేరుగా కలపడం కూడా ఇదే కోవలోది. వద్దంటే వద్దు.

మిణుకుమనే లైటు పరీక్ష, గబగబా ఊపిరి తీయించే పరీక్ష డాక్టర్ లేకుండా చేయకండి. సెకనుకు 15 నుంచి 25 సార్లు మిణుకుమనే వెలుగు కొందరిలో ఫిట్స్ తెప్పిస్తుంది. ఈమధ్య పక్షవాతం వచ్చినవాళ్లకు, సికిల్ సెల్ ఉన్నవాళ్లకు ఊపిరి పరీక్ష పనికిరాదు.

రాత్రి నిద్ర మాని రమ్మన్న ఈఈజీ అయితే తిరుగుప్రయాణంలో బండి నడపకండి. తార్నాకలో మెట్రో స్టేషన్ ఉంది, ఆటోలకు కొదవ లేదు.

అయస్కాంతం గదిలో

మొదట తెలుసుకోవాల్సింది: కరెంటు పోయినా ఎంఆర్ఐ అయస్కాంతం పోదు. మైనస్ 269 డిగ్రీల ద్రవ హీలియంలో మునిగిన తీగచుట్టల్లో కరెంటు తిరుగుతూనే ఉంటుంది. రాత్రి రెండింటికి, ఆదివారం, గదిలో ఎవరూ లేనప్పుడు కూడా. 1.5 టెస్లా అంటే భూమి అయస్కాంతానికి 30 వేల రెట్లు. 2018 జనవరిలో ముంబైలో బంధువును స్కాన్‌కు తెచ్చిన యువకుడొకరు ఆక్సిజన్ సిలిండర్‌తో ఆ గదిలోకి వెళ్లి, సిలిండర్‌తో సహా యంత్రంలోకి లాగబడి చనిపోయాడు. యంత్రం ఆపే ఉందని సిబ్బందిలో ఒకరు చెప్పారన్నది ఇంట్లోవాళ్ల ఆరోపణ. ఆ మాట ఎవరన్నా నమ్మకండి.

తీసేయాల్సినవి మన ఒంటి మీదే బోలెడు: మెట్టెలు, పట్టీలు, జడపిన్నులు, హిజాబ్ సూదులు, మొలతాడుకు కట్టిన తాళంచెవి, తాయెత్తు రేకు. మంగళసూత్రం గొలుసుకు బిగించిన పిన్నీసును ఎవరూ గుర్తుపెట్టుకోరు. "బంగారం అయస్కాంతానికి అంటుకోదు కదమ్మా" అని వాదించే పెద్దమ్మలుంటారు. నిజమే, అంటుకోదు, కానీ వేడెక్కి చర్మం కాలవచ్చు. జరీ అంచు చీరకూ అదే భయం. ఆసుపత్రి గౌను వేసుకోండి. లోపల చేతులు పెనవేయకండి, కాలు మీద కాలు వేయకండి. చర్మానికి చర్మం తగిలిన చోట కాలవచ్చు. చెవిలో ప్లగ్గులు అడిగి పెట్టించుకోండి.

నాచారం షెడ్లలో లేత్ మీద, గ్రైండింగ్, వెల్డింగ్ పనిలో ఉన్నవాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. ఎప్పుడో కంట్లో పడ్డ ఇనుప రవ్వ ఇంకా అక్కడే ఉంటే, అయస్కాంతం దాన్ని కదిపిందంటే చూపు పోవచ్చు. అనుమానం ఉంటే ముందు కంటికి ఎక్స్‌రే తీస్తారు. పేస్‌మేకర్, మెదడు రక్తనాళానికి వేసిన క్లిప్పు, చెవి ఇంప్లాంటు ఉంటే వాటి కార్డు వెంట తీసుకెళ్లండి. కిడ్నీ జబ్బున్నవాళ్లు, గర్భిణులు కాంట్రాస్ట్ సూది వేయకముందే చెప్పండి.

గది దాటే బొమ్మలు

వైర్ల కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. స్కాన్ బొమ్మ మూల ఉన్న పేరు కత్తిరించి ప్రాజెక్టు వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తారు. అసలు స్కాన్ ఫైలు (డైకామ్) పంపితే దాని లోపల పేరు, వయసు, ఆసుపత్రి నంబరు అలాగే ఉంటాయి. అవీ తుడిచేశారనుకుందాం, తల స్కాన్ నుంచి ముఖం తయారు చేయొచ్చు. 2019లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు ఎంఆర్ఐ నుంచి ముఖాలు తీర్చి, ఫొటోలతో పోల్చే సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే 84 మందిలో 70 మందిని సరిగ్గా పట్టేసింది. కాబట్టి ముఖం భాగం చెరిపాకే పంచుకోండి. ఎథిక్స్ కమిటీ అనుమతి పరీక్షకు ముందే తీసుకోవాలి, తర్వాత కాదు. అంగీకార పత్రం తెలుగులో, ఉర్దూలో ఉంచండి. చదవలేనివాళ్లకు చదివి వినిపించండి.

వలంటీర్ గీతల్లో ఏదో తేడా కనిపిస్తే "నీ మెదడులో ఏదో ఉందిరా" అని అక్కడికక్కడ అనేయకండి. అది రెప్ప కొట్టిన గుర్తే కావచ్చు. గైడ్‌కు చెప్పండి, న్యూరాలజిస్టు చూస్తారు.

ఫిట్స్ వస్తే

తాళాలగుత్తి చేతిలో పెట్టకండి. స్కానర్ దరిదాపుల్లోనైతే అది తూటా అవుతుంది. ఉల్లిపాయ, చెప్పు వాసన చూపించకండి. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్లు ఏవీ వద్దు. కాళ్లూ చేతులూ అదిమి పట్టకండి. మొదలైన టైము చూసుకుని, తల కింద మెత్తటిది పెట్టి, ఆగగానే పక్కకు తిప్పండి. 5 నిమిషాలు దాటితే, లేదా ఆగి మళ్లీ వస్తే 108కి ఫోన్ చేయండి.

చివరగా ఇంట్లోవాళ్లకు: రేపు ఎవరికైనా ఈఈజీ ఉంటే ఈ రాత్రికి నూనె సీసా అలమరలో పెట్టేయండి. ఫిట్స్ మాత్రలు మాత్రం బయటే ఉంచండి. డాక్టర్ చెబితే తప్ప ఒక్క పూట కూడా ఆపకూడదు.