రీస్టార్ట్ అయిన టైము రాసుకోండి

"అంకుల్, గంటన్నర దాకా బాగానే నడుస్తుంది. ఆ తర్వాత ఆట మధ్యలో తెర నల్లబడి, సిస్టమ్ మళ్ళీ మొదటి నుంచి లేస్తుంది." స్కూటీ మీద కాళ్ళ మధ్య క్యాబినెట్ పెట్టుకుని వచ్చిన కుర్రాడు ఈ మాట అనగానే మనలో చాలామంది స్క్రూడ్రైవర్ తీస్తాం. జంషెడ్‌పూర్‌లో భుయ్యాడీహ్‌లోనైనా, సాక్చిలోనైనా, బిష్టుపూర్‌లోనైనా ఇదే వరస. నేనూ కొన్నేళ్ళు అలాగే చేశాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మన తెలుగు పిల్లలకూ, పగలు డ్యూటీ చేసుకుని సాయంత్రాలు రిపేర్లు చూసుకునేవాళ్ళకూ నేను చెప్పేది ఒకటే. స్క్రూడ్రైవర్ కంటే ముందు పెన్ను తీయండి.

ఈ ఫిర్యాదులో ఇబ్బంది ఏమిటంటే, అది మన బల్ల మీద కనిపించదు. షాపులో పది నిమిషాలు నడిపితే నిక్షేపంలా నడుస్తుంది. ఇంటికి తీసుకెళ్ళాక రాత్రికి మళ్ళీ అదే గొడవ. కస్టమర్ రెండోసారి వచ్చేసరికి మనకూ కంగారు పుడుతుంది. ముందు ఫార్మాట్ కొడతాం, తర్వాత ర్యామ్ మారుస్తాం, ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు మీద అనుమానం వేస్తాం. ఇలా మూడు పార్టులు మార్చాక ఎప్పుడో సిస్టమ్ కుదురుకుంటే, ఏ పార్టు వల్ల కుదురుకుందో మనకే తెలియదు. ఆ మూడింటి డబ్బూ ఎవరో ఒకరు షిఫ్టు చేసి సంపాదించిన డబ్బు.

మొదట్లో నా దగ్గరికొచ్చిన ఒక సిస్టమ్ సంగతి చెబుతాను. అది తెచ్చినవాళ్ళది శ్రీకాకుళం వైపు కుటుంబం, తాతల నాడే జంషెడ్‌పూర్‌కు వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్ళు. తండ్రికి షిఫ్టు డ్యూటీ. కొడుకు కాలేజీ చదువుతూ పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసేవాడు, మిగిలిన టైములో గేమ్స్ ఆడేవాడు. నేను ర్యామ్ మార్చాను, తగ్గలేదు. గ్రాఫిక్స్ కార్డు తీసి వేరే బోర్డులో రెండు రోజులు పరీక్షించాను, దానికేమీ లేదు. చివరికి వాళ్ళింటికే వెళ్ళి కూర్చున్నాను. టీ ఇస్తూ ఆ తల్లి అంది: "బాబూ, నేను నీళ్ళ మోటారు వేసినప్పుడే వీడు లోపల్నుంచి అరుస్తాడు." అప్పుడే మోటారు వేయించాను. గదిలో బల్బు ఒక్క క్షణం మసకబారింది, సిస్టమ్ రీస్టార్ట్ అయింది. మళ్ళీ వేయించాను, మళ్ళీ అదే.

మోటారు తిరగడం మొదలుపెట్టేటప్పుడు మామూలుగా లాగే కరెంటుకు ఎన్నో రెట్లు లాగుతుంది. ఒకే వైరు మీద మోటారూ కంప్యూటరూ ఉంటే ఆ క్షణంలో వోల్టేజీ పడిపోతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ఒక సైకిల్‌కి 20 మిల్లీసెకన్లు. మంచి ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్ లోపలి పవర్ సప్లై) పూర్తి లోడు మీద కూడా, కరెంటు పోయినా దాదాపు 16 మిల్లీసెకన్ల పాటు తన కెపాసిటర్లలో దాచుకున్నదానితో బోర్డును నిలబెట్టాలి. ఏళ్ళ తరబడి వేడికి కెపాసిటర్లు ఎండిపోయిన ఎస్‌ఎంపీఎస్ అంతసేపు నిలబెట్టలేదు. సిస్టమ్ ఊరికే ఉన్నప్పుడు లోడు తక్కువ కాబట్టి ఎలాగో గట్టెక్కుతుంది. ఆట ఆడుతున్నప్పుడో వీడియో రెండర్ అవుతున్నప్పుడో మాత్రం పడిపోతుంది. మోటారుకు వేరే లైను వేయించి ఎస్‌ఎంపీఎస్ మార్చాం. ర్యామ్ డబ్బు తిరిగి ఇచ్చేశాను. మొదటి రోజే "ఏ టైముకు అవుతోంది?" అని అడిగి రాసుకుని ఉంటే ఆ కుటుంబానికి మూడు వారాలు కలిసొచ్చేవి.

అందుకే అడగండి. మొదలుపెట్టిన ఎంతసేపటికి అవుతోంది? అన్ని ఆటల్లోనూ అవుతోందా, బరువైన ఒకటి రెండింటిలోనేనా? ఆగే ముందు ఆట నెమ్మదించిందా, పూర్తి వేగంలో ఉండగానే పోయిందా? ఫ్యాన్ల చప్పుడు పెరిగిందా? దానంతటదే లేచిందా, వెనక స్విచ్ ఆపి మళ్ళీ వేస్తేగానీ లేవలేదా? ఆ సమయంలో ఇంట్లో ఇస్త్రీ పెట్టె, మోటారు, ఏసీ లాంటివేమైనా వేశారా? కుర్రాడిని మాత్రమే అడిగి ఊరుకోకండి, ఇంట్లో పెద్దవాళ్ళనూ అడగండి. కుర్రాడి చెవులకు హెడ్‌ఫోన్ ఉంటుంది.

కస్టమర్ టైము మరిచిపోయినా విండోస్ మరిచిపోదు. ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్ చూడండి. 6008 అనే ఎంట్రీలో కిందటిసారి సిస్టమ్ అనుకోకుండా ఆగిన తేదీ, సమయం ఉంటాయి. అవన్నీ కాగితం మీదికి ఎక్కించండి. వారం రోజుల టైములు ఒక వరసలో పడేసరికి, సగం కేసుల్లో దారి అక్కడే కనబడుతుంది. 1074 ఉంటే ఏదో ప్రోగ్రామో అప్‌డేటో అడిగి రీస్టార్ట్ చేయించిందన్నమాట, హార్డ్‌వేర్ ముట్టుకోవద్దు. కెర్నల్-పవర్ 41 కనబడగానే "పవర్ అని రాసి ఉంది కదా" అని ఎస్‌ఎంపీఎస్ మార్చేవాళ్ళున్నారు. అది పొరపాటు. కిందటిసారి సిస్టమ్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అది చెబుతుంది. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ చూడాలి. సున్నా ఉంటే విండోస్‌కు కారణం రాసుకునే వ్యవధి కూడా దొరకలేదని అర్థం. అప్పుడు కరెంటు, ఎస్‌ఎంపీఎస్, వేడి వైపు వెళ్ళాలి. సున్నా కాకపోతే విండోస్ ఎర్రర్ తెర వచ్చి వెళ్ళింది. స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్‌లో ఆటోమేటిక్ రీస్టార్ట్ దగ్గరున్న టిక్కు తీసేస్తే ఈసారి ఆ తెర నిలబడి కనిపిస్తుంది. డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ 18 అని ఉంటే ప్రాసెసర్ తనే హార్డ్‌వేర్ తప్పు నమోదు చేసింది. అలాంటప్పుడు ఓవర్‌క్లాక్, అండర్‌వోల్ట్ సెట్టింగులన్నీ తీసేసి బయోస్‌ను మామూలు స్థితికి తేవాలి. ర్యామ్‌కు పెట్టిన ఎక్స్‌ఎంపీ ప్రొఫైల్ కూడా ఆపి చూడాలి. ర్యామ్ మీద అనుమానముంటే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడపండి. నాలుగు పాసుల్లో ఒక్క తప్పు వచ్చినా ఆ ర్యామ్‌నో ఆ సెట్టింగునో నమ్మడానికి లేదు.

ఇక వేడి. జంషెడ్‌పూర్‌లో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఇక్కడి దుమ్ము కూడా ఊళ్ళో దుమ్ములా ఉండదు. సన్నగా, నల్లగా, వేలికి అంటుకునేలా ఉంటుంది. ముందు ఫిల్టర్ బయటికి శుభ్రంగానే కనిపిస్తుంది. ప్రాసెసర్ ఫ్యాన్ విప్పితే కింద హీట్‌సింక్ రెక్కల మీద చాప పరిచినట్టు ఒక పొర పట్టి ఉంటుంది. దాన్ని బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే బేరింగు పాడవుతుంది. అయితే ప్రతి రీస్టార్టుకూ వేడే కారణమనుకోకండి. ఇప్పటి ప్రాసెసర్లు ముందు తమ వేగం తగ్గించుకుంటాయి. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లు 100 డిగ్రీల దగ్గర, రైజెన్ 7000 వరసవి 95 దగ్గర నెమ్మదిస్తాయి. అప్పటికీ తగ్గకపోతేనే ఆగుతాయి. కాబట్టి ఆట నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ పోతే వేడి. నిండు వేగంలో ఉండగా దీపం ఆర్పినట్టు పోతే నా మొదటి అనుమానం పవర్ మీదే. హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ పెట్టి ఉష్ణోగ్రతలు ఫైల్‌లోకి రికార్డు చేస్తే చివరి వరసలోనే ఆధారం దొరుకుతుంది. అంత ఓపిక లేకపోతే పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టి ఆడమనండి. గంటన్నర నాలుగు గంటలైతే కారణం వేడే. అది ప్రాసెసర్‌ది కాకపోవచ్చు, ఎస్‌ఎంపీఎస్ వేడెక్కుతూ ఉండొచ్చు.

గేమింగ్ సిస్టమ్‌లలో ఎక్కువ దగా జరిగేది ఎస్‌ఎంపీఎస్ దగ్గరే. లక్ష రూపాయల సిస్టమ్ కట్టించి, చివర్లో బడ్జెట్ చాలక పెట్టెతో పాటు వచ్చినదాన్నే బిగించేస్తారు. లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వాట్లు చూడకండి. కింద చిన్న పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 38 ఆంపియర్లని ఉంటే 12 వోల్టుల మీద అది ఇవ్వగలిగేది 456 వాట్లే, పైన 550 అని రాసి ఉన్నా సరే. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తినేది దాదాపు అంతా ఆ 12 వోల్టుల నుంచే. 80 ప్లస్ అనే గుర్తు కూడా కరెంటు ఎంత వృథా కాదో చెబుతుంది తప్ప కెపాసిటర్లు ఎంత గట్టివో చెప్పదు.

పైగా గ్రాఫిక్స్ కార్డు కరెంటును సమంగా లాగదు. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080ని 320 వాట్ల కార్డుగా అమ్మారు గానీ, కన్ను మూసి తెరిచేలోపు అది అంతకు చాలా ఎక్కువ లాగి వదిలేస్తుంది. సగటు చూపించే మీటరుకు ఆ దెబ్బ కనబడదు. ఎస్‌ఎంపీఎస్‌లో ఉన్న రక్షణ సర్క్యూట్ మాత్రం షార్టు అయిందనుకుని కట్ చేసేస్తుంది. ఈ గొడవ ముదిరాకే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, ఎస్‌ఎంపీఎస్ తన సామర్థ్యానికి రెట్టింపు లోడును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలని పెట్టారు. రీస్టార్టుకు కార్డు లాగే ఈ దెబ్బే కారణమా అన్నది పైసా ఖర్చు లేకుండా పరీక్షించవచ్చు. ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో కార్డు పవర్ లిమిట్ 70 శాతానికి దించి, ఫ్రేములు 60కి కట్టేసి ఆడమనండి. మూడు రోజులు రీస్టార్ట్ లేకుండా గడిస్తే దారి దొరికినట్టే. కార్డుకు రెండు 8 పిన్ల సాకెట్లుంటే ఒకే కేబుల్‌కున్న రెండు కొసలూ వాటికి గుచ్చకండి, ఒక్కో సాకెట్ 150 వాట్ల దాకా లాగుతుంది. విడివిడి కేబుళ్ళు వేయండి. ఈ ఒక్క మార్పుతో బాగుపడ్డ సిస్టమ్‌లు నేను చూశాను.

షాపు నడిపేవాళ్ళు ఒక మంచి ఎస్‌ఎంపీఎస్‌ను అమ్మకానికి కాకుండా పనిముట్టుగా ఉంచుకోండి. అనుమానం వచ్చిన సిస్టమ్‌కు దాన్ని తగిలించి వారం రోజులు ఇంటికి పంపండి. తగ్గితేనే కొత్తది కొనమని చెప్పండి. పాత ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం ఎవరూ విప్పొద్దు. ప్లగ్గు తీసేశాక కూడా లోపల పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

చాలామంది చూడని చోటు ఇంకొకటుంది, ముందున్న రీసెట్ బటన్. చెమట చేతులు, చాయ్ చుక్క, ఆ నల్ల దుమ్ము కలిసి బటన్ లోపల జిగురులా తయారవుతాయి. ఫ్యాన్ల అదురుకు అది తనంతట తనే ఆనుకుంటుంది. బోర్డు మీద రీసెట్ స్విచ్ వైరు పీకేసి రెండు రోజులు నడపమనండి. ఒక నిమిషం పని.

ఇంటి కరెంటు సంగతీ చూడాలి. జంషెడ్‌పూర్‌లో కంపెనీ ప్రాంతాలకు టాటా స్టీల్ యూఐఎస్‌ఎల్ సరఫరా, మిగతా చోట్ల జార్ఖండ్ బిజిలీ వితరణ్ నిగమ్ సరఫరా. కంపెనీ కరెంటు ఉన్నంత మాత్రాన గోడలోని వైరింగు బాగుందని కాదు. సాకెట్ దగ్గర గోధుమరంగు మచ్చ ఉందా, ప్లగ్గు కదిలిస్తే చిటపటలాడుతోందా చూడండి. ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజీ కొలిపించండి. రెండు మూడు వోల్టులు దాటితే న్యూట్రల్ వైరూ ఎర్తింగూ సరిచూపించాలి. ఇన్వర్టర్ మీద నడిపేవాళ్ళు దాని వెనక స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోండి. మామూలు మోడ్‌లో అది మారడానికి పట్టే సమయాన్ని ఫ్యాన్ తట్టుకుంటుంది, కంప్యూటర్ తట్టుకోలేదు.

ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు ఇంకో జాగ్రత్త. వాటిలో కొన్ని ఎక్కువ వోల్టేజీ వల్ల క్రమంగా దెబ్బతింటున్నాయని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుంది. బయోస్ ద్వారా మైక్రోకోడ్ సవరణలిచ్చింది, వారంటీని మరో రెండేళ్ళు పెంచింది. ముందు బయోస్ అప్‌డేట్ చేయండి. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను ఆ సవరణ బాగుచేయదు, కాబట్టి తగ్గకపోతే బిల్లు వెతికించి వారంటీకి పంపించండి. వారంటీలో ఉన్నదానికి కొత్తది అమ్మడం అన్యాయం.

కూలి విషయం కూడా చెప్పాలి. తప్పు వెతకడం పనే, దానికి డబ్బు తీసుకోవడంలో సిగ్గు పడక్కర్లేదు. అది ఎంతో ముందే చెప్పి చీటీ మీద రాసివ్వండి. వెతికినందుకు డబ్బు తీసుకోని మెకానిక్ ఆ డబ్బును పార్టు మీద వేసుకోవాల్సి వస్తుంది, పార్టులు అనవసరంగా మారేది అక్కడే. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చిన రోజు రాయండి. తీసిన పాత పార్టును కవర్లో పెట్టి కస్టమర్ చేతికే ఇవ్వండి.

మీ బల్ల మీద ఈరోజే ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. వచ్చిన ప్రతి సిస్టమ్‌కూ ఒక పేజీ ఇచ్చి, మొదటి వరసలో పార్టుల పేర్లు కాకుండా అది ఆగిన టైములు రాయండి.