బరువు దిగే దారి

కాకుమాను

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు గనుక ఉత్తరం రాస్తున్నాను. స్ట్రక్చరల్ అనాలిసిస్‌లో సూత్రాలన్నీ నోటికి వచ్చుగానీ, లెక్క ఎదురుగా పెడితే ఏ సూత్రం వేయాలో తోచడం లేదన్నావు. రోడ్లు, భవనాల శాఖలో నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ కొత్తగా చేరిన పిల్లల్లో చూసిన ఇబ్బంది ఇదే. ఇంకో పుస్తకం కొన్నంత మాత్రాన ఇది తీరదు. బరువు ఎక్కడ పుడుతోంది, ఏ దారిన నడుస్తోంది, ఎక్కడ నేలకు దిగుతోంది? ఈ మూడూ చూడడం అలవాటు చేసుకోవాలి. ఆ దారి కళ్లకు కట్టిందంటే సూత్రం దానంతట అదే గుర్తొస్తుంది.

మన హాల్లో పైన కనిపించే బీమునే తీసుకో. మీ తాతయ్య ఇల్లు కట్టినప్పటి నుంచి దాని కిందే తిరుగుతున్నాం. స్పాను 5 మీటర్లు. స్లాబు మందం 125 మిల్లీమీటర్లు. ఉక్కు కలిసిన కాంక్రీటు ఘనపు మీటరుకు 25 కిలోన్యూటన్లు గనుక, స్లాబు సొంత బరువు చదరపు మీటరుకు మూడు పైచిలుకు. ఫ్లోరింగుకి ఒకటి వేసుకో. మనుషులకీ సామానుకీ ఇళ్లలోని గదులకు ఐఎస్ 875 కోడ్ చెప్పేది రెండు. అన్నీ కలిపితే ఆరు చిల్లర. బీముకి అటు ఒకటిన్నర, ఇటు ఒకటిన్నర, మొత్తం మూడు మీటర్ల పట్టీ బరువు దాని మీదికొస్తుంది. అంటే మీటరు పొడవుకి 18. బీము సొంత బరువు ఇంకో రెండు. మీటరుకి 20 కిలోన్యూటన్లు తేలింది.

ఐదు మీటర్లకు వంద. అంటే పది టన్నులు. ఆ బరువులో సగం ఈ గోడ మీదికి, సగం ఆ గోడ మీదికి దిగుతుంది. గోడ నుంచి పునాదికి, పునాది నుంచి మట్టికి. ఇంతవరకూ నువ్వు ఏ సూత్రమూ వాడలేదు, కూడికా భాగహారమే. కానీ పని చాలావరకు అయిపోయింది. పైనుంచి ఎంత దిగుతోందో, కింద నుంచి అంతే ఆపుతోంది. ఈ సమతూకం ఏ కట్టడంలోనైనా, దాంట్లోంచి విడదీసిన ఏ ముక్కలోనైనా తప్పదు. ఫ్రీ బాడీ డయాగ్రమ్ అని మీ మాస్టారు పదే పదే గీయించేది అందుకే. దాన్ని మార్కుల కోసం గీసే బొమ్మ అనుకోకు. విడదీసిన ముక్క మీద ఏ బలాన్నీ మరిచిపోకుండా గీయగలిగితే సబ్జెక్టులో సగం వచ్చినట్టే.

ఇక మొమెంటు. రెండు చివరలా ఊరికే ఆనించిన బీముకి మధ్యలో వచ్చేది డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై ఎనిమిది. ఇరవై ఇంటూ ఇరవై అయిదు బై ఎనిమిది, అంటే 62.5 కిలోన్యూటన్ మీటర్లు. (ఇవి అసలు బరువులే, డిజైన్లో వేసే ఒకటిన్నర రెట్లు ఇంకా వేయలేదు.) సమాధానం రాగానే పేజీ తిప్పేయకు. అక్కడే ఆగి, స్పాను 6 మీటర్లయితే ఏమవుతుందని అడుగు. పొడవు పెరిగింది ఐదోవంతే. మొమెంటు మాత్రం 90కి ఎగబాకింది, అంటే 44 శాతం ఎక్కువ. వంపు స్పాను నాలుగో ఘాతంతో పెరుగుతుంది గనుక అది రెట్టింపు దాటిపోతుంది. ఇంటివాళ్లు వచ్చి "హాలు ఇంకో మీటరు పెంచండి సార్, ఏముందిలే" అన్నప్పుడు నువ్వు కాలిక్యులేటర్ తీయకముందే ఈ మాట నీ మనసులో మెదలాలి.

మొమెంటు లెక్కకు ముందు ఇంకో పని చేయాలి. బరువు పడ్డాక ఆ కట్టడం ఎలా వంగుతుందో పెన్సిలుతో గీయి. ఆనించిన బీము నడుం దగ్గర కిందికి దిగుతుంది, అడుగు భాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడుకు గట్టిది, సాగదీతకు చాలా బలహీనం. అందుకే సాగే వైపు ఇనుము పెడతాం. సన్‌షేడ్ దీనికి తలకిందులు. ఒక చివరే గోడలో బిగిసి, రెండో చివర గాల్లో ఉంటుంది. అది కిందికి వాలితే సాగేది పై భాగం. కాబట్టి మెయిన్ రాడ్లు పైన ఉండాలి. సైటులో జరిగేదేమిటంటే, రాడ్లు పైనే కడతారు, తీరా పోత రోజున తట్టలు మోసేవాళ్లు వాటి మీదే నడుస్తారు. కింద ఎత్తి పట్టే చైర్లు పెట్టకపోతే అవి అణిగిపోయి అడుక్కి చేరతాయి. పైకి చూస్తే అంతా కుదురుగానే ఉంటుంది. సెంట్రింగ్ విప్పాక గోడ వారన పైన సన్నటి పగులు కనిపిస్తుంది, ఒక్కోసారి ఏకంగా విరిగి పడుతుంది. డ్రాయింగులో అంతా సరిగ్గానే ఉండి మనిషి ప్రాణం పోయే చోటు ఇది. వంపు బొమ్మ గీయడం వచ్చినవాళ్లు పోతకు ముందు వంగి ఆ రాడ్లు ఎక్కడున్నాయో చూస్తారు. నువ్వు చూడాలి.

ఇప్పుడు మన మట్టి దగ్గరకొద్దాం. దీని గురించి నేను కొంచెం ఎక్కువ చెబుతాను. నువ్వు చదివే పుస్తకం ఎక్కడో రాసింది, నువ్వు పుట్టింది నల్లరేగడిలో.

కాకుమాను చుట్టుపక్కల పొలాలు ఎండాకాలంలో ఎలా నెర్రెలిస్తాయో నీకు తెలుసు. వానలు పడి కొమ్మమూరు కాలువకు నీళ్లొచ్చాక అదే నేల ఉబ్బుతుంది. ఇంటి కింద మట్టి అంతా ఒకేలా ఉబ్బదు, ఒకేలా కుంగదు. బావి వైపు తడి ఎక్కువ, వీధి వైపు తక్కువ. పాత ఇళ్ల కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పాకే పగుళ్లు అలా పుట్టినవే.

ఇందాకటి బీమునే రెండు చివరలా కదలకుండా బిగించామనుకో. చివరల్లో మొమెంటు డబ్ల్యూ ఎల్ స్క్వేర్ బై పన్నెండు, 41.7. మధ్యలో అందులో సగం. 62.5 కాస్తా తగ్గింది గదా, బిగించడమే మేలనిపిస్తుంది. ఇప్పుడు ఒక చివర పునాది 10 మిల్లీమీటర్లు కుంగిందనుకో, చిటికెన వేలి మందం కంటే తక్కువే. దానివల్ల పుట్టే మొమెంటు ఆరు ఈ ఐ డెల్టా బై ఎల్ స్క్వేర్. 230 బై 450 బీము, ఎం 20 కాంక్రీటు వేసి చూడు: దగ్గర దగ్గర 94 వస్తుంది. పది టన్నుల బరువు పుట్టించిన దానికి రెట్టింపు పైమాటే! కుంగని చివర రెండూ కలిసి 135 దాటుతాయి. కుంగిన చివరైతే మొమెంటు దిశే మారిపోయి, మనం ఇనుము తక్కువగా వదిలేసిన అడుగు భాగం సాగడం మొదలుపెడుతుంది. నిజమైన కట్టడంలో కాంక్రీటు పగిలి, నెమ్మదిగా సాగి, చివరలు కొంచెం వదులై ఈ అంకె బాగా తగ్గుతుంది, నిజమే. అయినా అసలు సంగతి మారదు. ఊరికే ఆనించిన బీము ఇలా కుంగితే కొంచెం పక్కకు వాలుతుందేగానీ దానిలో కొత్త మొమెంటు పుట్టదు.

డిటర్మినేట్, ఇన్‌డిటర్మినేట్ అని మీ సిలబస్ మొదటి పేజీలోనే కనిపించే తేడా ఇదే. ఎన్ని తెలియనివి, ఎన్ని సమీకరణాలు అని లెక్కపెట్టి వదిలేయకు. ఇన్‌డిటర్మినేట్ కట్టడంలో ఒకచోట చేతులెత్తేస్తే పక్కది ఆదుకుంటుంది, అది దాని గొప్ప. కానీ నేల కదిలినా, ఎండకు సాగినా ఆ బాధ ఊరికే పోదు, లోపల మొమెంటై కూర్చుంటుంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ వాళ్లు ఈ నల్లరేగడి కోసమే అండర్ రీమ్డ్ పైళ్ల పద్ధతి తెచ్చారు. అడుగున బల్బులా వెడల్పు చేసి, ఉబ్బీ తగ్గీ ఆడే పై పొరను దాటి స్థిరంగా ఉన్న పొరలో పాతుకునేలా కడతారు. ఐఎస్ 2911 మూడో భాగంలో వివరంగా ఉంటుంది, తీరిక చూసుకుని చదువు.

ఎండ మాట వచ్చింది గనుక ఇంకొకటి. సింప్లీ సపోర్టెడ్ వంతెన కనబడితే కిందికి దిగి బేరింగులు చూడు. నువ్వు నోట్సులో గీసే హింజూ రోలరూ అక్కడ అసలు రూపంలో ఉంటాయి. 30 మీటర్ల కాంక్రీటు స్పాను 30 డిగ్రీల తేడాకు సుమారు 11 మిల్లీమీటర్లు సాగుతుంది. ఒక చివర జరగనివ్వాలి, లేకపోతే పియరు నెట్టుడు తినాలి.

ట్రస్ గురించి కొంచెమే చెబుతాను, అది నీకు తొందరగానే వస్తుంది. రైస్ మిల్లు షెడ్డులోకి వెళ్లి తల ఎత్తి చూడు. రేకుల బరువుకి పై కమ్మీలు నొక్కుడులో, అడుగు కమ్మీ లాగుడులో ఉంటాయి. కమ్మీ లాగుడులో ఉంటే సన్నంగా ఉన్నా ఓర్చుకుంటుంది, నొక్కుడులో సన్నగా ఉంటే పక్కకు వంగిపోతుంది. ఇప్పుడు తుపానును గుర్తు తెచ్చుకో. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన దివిసీమను ఊడ్చేసిన సంగతి మీ అమ్మమ్మ చెప్పే ఉంటుంది. ఆ తుపాను తీరం దాటింది మన నిజాంపట్నం దగ్గరే. విజయవాడకు ఐఎస్ 875 ఇచ్చే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు. వేగం స్క్వేరుని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు 1500 న్యూటన్లు, అంటే నూట యాభై కిలోలు. షెడ్డు ఆకారాన్నీ ఎత్తునూ బట్టి దీన్ని సవరించాలి. అందులో సగమే పైకి లాగినా రేకుల సొంత బరువు దాన్ని ఆపలేదు, అది ఇరవై కిలోలకు మించదు. అప్పుడు బరువు దారి తిరగబడుతుంది. లాగుడులో ఉన్న అడుగు కమ్మీ నొక్కుడులోకి వస్తుంది, సన్నగా ఉంటే వంగుతుంది. కాబట్టి మన తీరంలో షెడ్డు లెక్క ఇచ్చినప్పుడు కిందికి ఒకసారి, పైకి ఒకసారి, రెండుసార్లూ చేయి.

ఈ సెలవుల్లో రాజమండ్రి వెళ్లిరా, ఖర్చు నేనిస్తాను. గోదావరి మీద రైలు కోసం కట్టిన మూడు వంతెనలు మూడు రకాల అనాలిసిస్ పాఠాలు. 1900 నాటి హావ్‌లాక్ వంతెనలో 45 మీటర్ల పైచిలుకు గర్డర్లు 56, దేనికదే రెండు పియర్ల మీద ఆనుకున్నవి. ఒక పియరు కొంచెం కుంగినా పక్క స్పానుకి మొమెంటు పాకదు. 1974 నాటిది ట్రస్, పైన రోడ్డు, కింద రైలు. బొమ్మ గీసుకుని ఒక జాయింటు దగ్గర బలాలు విడదీసి చూడు. 1997లో వచ్చిన ఆర్చి వంతెన 97.55 మీటర్ల కాంక్రీటు కమాన్లతో నిలబడింది. మామూలు కమాను తన కాళ్లను బయటికి నెడుతుంది. ఇక్కడ అడుగున ఉన్న టై ఆ నెట్టుడును పట్టి ఉంచుతుంది గనుక పియర్ల మీదికి నిలువు బరువే ముఖ్యంగా దిగుతుంది. ఎందుకలా చేశారో ఒడ్డున నిలబడి ఆలోచించు.

పుస్తకాల సంగతి అడిగావు. సి.ఎస్. రెడ్డి గారి బేసిక్ స్ట్రక్చరల్ అనాలిసిస్ ఒక్కటి శ్రద్ధగా చేస్తే నీకు చాలు. పది పుస్తకాల్లో మొదటి అధ్యాయాలు చదవడం కన్నా ఒక పుస్తకం చివరిదాకా చేయడం మేలు. కంకిపాడులో పుట్టిన కె.ఎల్. రావు గారు ఇంజనీరుగా ఎంత పేరు తెచ్చుకున్నారో నీకు తెలుసు, పులిచింతల ప్రాజెక్టుకు ఆయన పేరే పెట్టారు. ఆయన రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీటు మీద ఇంగ్లీషులో పుస్తకం రాశారని చాలామందికి తెలియదు. కృష్ణా తీరపు పిల్లలు ఈ విద్యలో ఎవరికీ తీసిపోరు.

స్టాడ్, ఈటాబ్స్ లాంటి సాఫ్ట్‌వేర్లు నేర్చుకోవద్దని నేను అనను. ఉద్యోగానికి అవి కావాలి. కానీ మొమెంట్ డిస్ట్రిబ్యూషన్ చేతితో వచ్చాకే వాటి జోలికి వెళ్లు. హార్డీ క్రాస్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1930లో పది పేజీల వ్యాసంలో చెప్పిన పద్ధతి అది. కంప్యూటర్లు రాకముందు ఎన్నో అంతస్తుల ఫ్రేములు దాంతోనే లెక్కకట్టారు. జాయింటు బిగించు, లెక్కతప్పిన మొమెంటు ఎంతో చూడు, వదులు, గట్టిదనాన్ని బట్టి పంచు, సగం అవతలి చివరకు పంపు, మళ్లీ మొదలుపెట్టు. నాలుగు సార్లు తిప్పేసరికి ఫ్రేములో మొమెంటు ఎలా పారుతుందో కళ్లారా చూస్తావు. ఏ సాఫ్ట్‌వేరూ నీకు అది చూపించదు. సాఫ్ట్‌వేర్ ఫలితం వచ్చాక ముందు రియాక్షన్లన్నీ కూడి, నువ్వు వేసిన మొత్తం బరువుతో సరిపోయిందో లేదో చూడు. తర్వాత వంపు బొమ్మ నువ్వు పెన్సిలుతో గీసినట్టే ఉందో లేదో చూడు. రెండూ కుదిరేదాకా ఆ ప్రింటు ఎవరి చేతికీ ఇవ్వకు.

వచ్చే ఆదివారానికి ఒక పని చెబుతున్నాను. మీ హాస్టల్ భవనంలో ఒక బీము ఎంచుకో. టేపుతో కొలువు, దాని మీదికి ఏ స్లాబు ఎంత వస్తోందో రాసుకో, బరువు పిల్లరు దాకా, పునాది దాకా దింపు. వంపు బొమ్మ, షియరు బొమ్మ, మొమెంటు బొమ్మ, మూడూ చేతితో గీసి ఫోటో తీసి నాకు పంపు. అంకెలు అటూ ఇటూ అయినా ఫరవాలేదు, దిద్ది పంపిస్తాను. మధ్యలో ఎక్కడ ఆగిపోయావో మాత్రం ఆ కాగితం మీదే రాయి. అక్కడి నుంచే మొదలుపెడదాం.

ఆశీస్సులతో,
మామయ్య