జామాయిల్ సాగు - లాభనష్టముల విచారణ

మా తరగతులలో మెట్ట ప్రాంతపు పల్లెల నుండి వచ్చు విద్యార్థులు పెక్కురు కలరు. వర్షాధారపు పైరు చేతికి రాక, కూలీల ఖర్చు భరింపలేక, భూమిని జామాయిల్ చెట్లకు విడిచిన కుటుంబములు వారిలో కొన్ని కలవు. ఇది మేలా, కీడా అని వారు మమ్ము అడుగుచుందురు. మేము సాహిత్యము బోధించువారమే కాని వ్యవసాయ శాస్త్రజ్ఞులము కాము. అయినను చదివి, విచారించి తెలిసికొన్నంత మేరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

యూకలిప్టస్ అను పేరును 1788లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లెరిటియే పెట్టెను. గ్రీకు భాషలో 'చక్కగా కప్పబడినది' అని దాని అర్థము. పూమొగ్గపై నుండు టోపీ వంటి మూతను బట్టి వచ్చిన పేరది. ఈ చెట్టు జన్మభూమి ఆస్ట్రేలియా. 1790 ప్రాంతమున దీనిని తెప్పించి మైసూరు రాజ్యమందలి నందికొండపై నాటించినవాడు టిప్పు సుల్తాన్ అని చెప్పుదురు. 1843లో నీలగిరులపై నాటుట ఆరంభమయ్యెను. నీలగిరి చెట్టు, నీలగిరి తైలము అను మాటలు అచ్చటివే. అయితే ఆ తైలమిచ్చు జాతి చల్లని కొండలది. మన మైదానములలో పెరుగునవి వేరు జాతులు. వాని విలువ నూనెలో లేదు, కాగితపు గుజ్జునకు పనికివచ్చు కట్టెలో ఉన్నది.

మన 'కాగితము' అను మాటకు మూలము పారసీకపు 'కాగజ్'. ఆ మాట పేరుగా గల కాగజ్‌నగర్ మన తెలంగాణములోనే ఉన్నది. ఒకప్పుడు కాగితపు మిల్లులకు అడవి వెదురే ఆధారము. అడవులు తరిగిన పిదప, పరిశ్రమలు తమ ముడిసరుకును రైతుల భూములలో పెంపింపజేసికొనవలెనని 1988 నాటి జాతీయ అటవీ విధానము నిర్దేశించెను. భద్రాచలము చెంత సారపాక మిల్లువారు 1989లో క్లోనల్ మొక్కల పని చేపట్టిరి. విత్తనము మొక్కలు ఒకదానివలె మరొకటి పెరుగవు. కనుక చక్కగా ఎదిగిన తల్లిచెట్టును కొట్టి, దాని పిలకల నుండి తీసిన కొమ్మముక్కలకు మంచుతుంపర గదులలో వేళ్ళు పుట్టించి నాటుదురు. విత్తనపు తోట హెక్టారునకు ఏటా 6 నుండి 10 ఘనపు మీటర్ల కట్టె నిచ్చుచోట, మంచి క్లోనల్ తోట 20కి మించి ఇచ్చుచున్నది.

మొక్కకు మొక్కకు 2 మీటర్లు, వరుసకు వరుసకు 3 మీటర్లు విడిచినచో ఎకరమునకు సుమారు 670 మొక్కలు పట్టును. తొలకరి వానలకు నాటవలెను. నీరు నిలుచు నేల, సున్నము మెండుగా గల నేల పనికిరావు. లేతమొక్కకు చెదలు ప్రధాన శత్రువు. పశువులు మాత్రము దీని ఆకు ముట్టవు, కంచె ఖర్చు లేదు. మొదటి ఏడు నడుమ అపరాలో వేరుసెనగయో వేసికొనవచ్చును. నాలుగైదేండ్లకు కోత. మొద్దు బెరడు చీలకుండ నేలకు దగ్గరగా కోసినచో మరల పిలకలు లేచును. వానిలో ఒకటి రెండు బలమైనవి నిలిపి, తక్కినవి తీసివేయవలెను. మలి కోతలకు మొక్క ఖర్చు లేదు. అసలు లాభము ఇచ్చటనే.

ఇక రెండవ వైపు. కట్టెను తూకమున కొందురు. కొట్టిన కట్టె నానాటికి ఎండి బరువు తగ్గును. లారీ ఆలస్యమైనన్ని దినములు నష్టము రైతుదే. అమ్మకము ఒకే మిల్లుపై ఆధారపడుట మరియొక చిక్కు. సిర్పూరు మిల్లు 2014లో మూతబడి 2018 వరకు తెరువబడలేదు. అంతకుమునుపే, 1980ల చివర గుజరాతు, హర్యానా ప్రాంతములలో అందరు రైతులు ఒక్కుమ్మడిగా ఈ చెట్టునే నాటగా వాసముల ధర పడిపోయెను. మిరప ధర పడినచో మరుసటి ఏడు వేరొకటి వేసికొనవచ్చును. ఐదేండ్ల చెట్టు నాటినవానికి ఆ వెసులుబాటు లేదు.

నీటి విషయమున వాదములు ఎడతెగనివి. 1983లో కర్ణాటకమందలి తుమకూరు జిల్లా రైతులు నర్సరీలోని మొక్కలను పెరికివైచిరి. 2017లో ఆ రాష్ట్ర ప్రభుత్వము కొత్తగా నాటుటను నిషేధించెను. వేగముగా పెరుగు ఏ చెట్టయినను వేగముగనే నీరు త్రాగును. వర్షము మెండుగా గల చోట అది పట్టింపునకు రాకపోవచ్చును గాని, వర్షము తక్కువైన చోట దట్టమైన తోట ప్రక్క బావి గలవాడు ఆలోచింపవలసినదే. పురుగుల మాటకు వచ్చినచో, 2001 ప్రాంతమున కర్ణాటకమున కనబడిన ఒక చిన్న కందిరీగ జాతి, ఆకు ఈనెలపై బుడిపెలు కట్టించి మన తోటలను గూడ బాధించెను. ఒకే తల్లి పిల్లలైన క్లోనల్ మొక్కలకు ఒకదానికి తగిలినది అన్నిటికి తగులును. కనుక రెండు మూడు రకములు కలిపి నాటుట మంచిది.

మాకు అన్నింటికంటె బరువుగా తోచునది కూలివారి సంగతి. ప్రత్తిచేను, జొన్నచేను ఏడాది పొడుగున కలుపులకు, కోతలకు స్త్రీలను పిలుచును. జామాయిల్ తోట నాటునాడు, కొట్టునాడు తప్ప ఎవరిని పిలువదు. పట్టణమున ఉద్యోగము గల భూస్వామికి ఇది సుఖమే. ఆ చేనిని కౌలుకు చేసికొనుచున్నవానికి మాత్రము బ్రతుకుతెరువు పోవును. కళాశాలకు బీడు ఉన్నచో ఏమి చేయవలెనని కమిటీ పెద్దలు ఆలోచించునపుడు ఈ సంగతిని గూడ లెక్కలోనికి తీసికొనగలరని ఆశించుచున్నాము. రాళ్ళతో నిండి, ఎవరికిని కూలి పెట్టని నేలయైనచో మాకు అభ్యంతరము లేదు. మంచి జొన్నభూమిలో దీనిని నాటుట మేము ఒప్పుకొనలేము.

నాటదలచినవారు చివరి ఖర్చును ముందే వ్రాసికొనవలెను. మూడు నాలుగు కోతల పిదప మొద్దులు పిలకలు వేయుట మందగించును. అపుడు ఎకరమునకు ఆ ఆరువందల పైచిలుకు మొద్దులను యంత్రముతో పెకలించిన గాని నాగలి సాగదు.