మీ దగ్గర ఏం పోయింది?

డిజిటల్ పరిరక్షణ పనిచేసేవాళ్ల సమావేశానికి నేను మొదటిసారి వెళ్లినప్పుడు, టీ విరామంలో ఒక పెద్దాయన నా పేరైనా అడగకుండా వేసిన ప్రశ్న ఇది: "మీ దగ్గర ఇప్పటిదాకా ఏం పోయిందమ్మా?"

నేను వేరే మాటలు సిద్ధం చేసుకుని వెళ్లాను. ఎన్ని పుస్తకాలు స్కాన్ చేశామో, ఎన్ని పేజీలు ఎక్కించామో వల్లె వేసుకున్నాను. ఆ ప్రశ్న ముందు అవేవీ పనికిరాలేదు. కాసేపు తటపటాయించి ఉన్నది చెప్పాను. రెండు నెలలు కూర్చుని స్కాన్ చేసిన పాత పత్రికల్ని ఒకే హార్డ్ డిస్కులో ఉంచాం. ఒక ఉదయం అది తెరుచుకోలేదు. మళ్లీ స్కాన్ చేద్దామంటే, కొన్ని సంచికలు మొదటిసారికే అంచులు పొడిపొడిగా రాలిపోయి ఉన్నాయి. ఈ సంగతి అంతకుముందు బయట ఎవరికీ చెప్పలేదు. ఆయన తల ఊపి, తన దగ్గర పోయిన ఆడియో క్యాసెట్ల కథ మొదలుపెట్టారు. పక్కనున్న ఇద్దరు తమ గ్లాసులతో దగ్గరికి జరిగారు. ఆ ముగ్గురూ ఈనాటికీ ఫోన్ చేస్తే పలుకుతారు.

పరిచయం పెంచుకోవాలంటే మన విజయాలు చెప్పుకోవాలని వ్యక్తిత్వ వికాస తరగతుల్లో నేర్పుతారు. మిగతా రంగాల సంగతి ఏమోగానీ, మా పనిలో అది సరిపోదు. ఎందుకంటే ఈ రంగం నష్టాల నుంచే పాఠాలు నేర్చుకుంది. 1086 నాటి ఇంగ్లండు భూముల సర్వే గ్రంథం డూమ్స్‌డే బుక్‌కి 900 ఏళ్లు నిండిన సందర్భంగా, 1986లో బీబీసీ బ్రిటన్ జనజీవనాన్ని లేజర్ డిస్కుల్లోకి ఎక్కించింది. పదిహేనేళ్లు గడిచేసరికి వాటిని చదివే యంత్రాలే అరుదైపోయాయి. 1086 నాటి పుస్తకం మాత్రం చదవడానికి వీలుగానే ఉంది. చివరికి 2002లో లీడ్స్, మిషిగన్ విశ్వవిద్యాలయాల వాళ్లు కలిసి ఆ డిస్కుల్లోని సమాచారాన్ని బయటికి తెచ్చారు. ఆ ముప్పును అందరూ బాహాటంగా చెప్పుకోబట్టే ఇవాళ మనకు అది హెచ్చరికగా మిగిలింది.

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పుట్టిన లాక్స్ అనే పద్ధతి ఉంది. ఒకే పత్రిక ప్రతుల్ని చాలా గ్రంథాలయాలు దాచుకుంటాయి. వాళ్ల కంప్యూటర్లు తరచూ ఒకదాని ప్రతిని మరొకదానితో పోల్చి చూసుకుంటాయి. ఒకచోట చెడితే మిగతాచోట్ల నుంచి సరిచేసుకుంటాయి. చెడిందని తేలితేనే బాగుచేయడం కుదురుతుంది. మనుషుల మధ్య కూడా అంతే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకో సమావేశంలో చివరి వరసలో ఒక డీటీపీ ఆపరేటర్ ఒంటరిగా కూర్చున్నారు. అందరూ వక్తల చుట్టూ మూగారు. తెలుగు పుస్తకాలు వేసేవాళ్లకు తెలిసిన బాధే, అప్పట్లో నా బాధ కూడా: పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో 'అను' ఫాంట్లతో కూర్చిన పాత ఫైళ్లు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే అక్షరాల బదులు అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు కనిపిస్తాయి. పేజ్‌మేకర్‌కి 2001లో వచ్చిన 7.0 తర్వాత పెద్ద వెర్షను రాలేదు. ఆయన పక్కన కూర్చుని ఈ మాటే అడిగాను. ఏ ఫైలు ఏ రకం ఫాంటుతో కూర్చారో గుర్తుపట్టడం, యూనికోడ్‌లోకి మార్చాక ఏ ఒత్తులు తప్పిపోతాయో చూసుకోవడం అరగంటలో చెప్పారు. అంత పనికొచ్చే మాట ఆ రోజు వేదిక మీద నేను వినలేదు.

మనలో చాలామందిమి వెనక గదుల్లో స్కానర్ల ముందు గడిపేవాళ్లం. పదిమందిలో మాట పెగలదు. దానికి సిగ్గుపడనక్కర్లేదు, ఒక్కరితో మాట్లాడినా చాలు. వెళ్లేముందు మిమ్మల్ని వేధిస్తున్న ఒక్క సమస్యను కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి. ఎవరికైనా ఏదైనా పంపుతానంటే ఆ వారంలోనే పంపండి. నేను ఒకసారి మాట ఇచ్చి మరిచిపోయాను, ఆ స్నేహం మళ్లీ అతకలేదు.

ఏటా నవంబరు మొదటి గురువారం ప్రపంచ డిజిటల్ పరిరక్షణ దినం. ఆ రోజు మీ ఊళ్లో గ్రంథాలయం వాళ్లు, ప్రెస్సు వాళ్లు, ఇంట్లో తాతగారి రాతప్రతులు స్కాన్ చేసుకుంటున్నవాళ్లు నలుగురు కలిసినా సమావేశమే. వెళ్లండి. ఎవరూ అడగకముందే మీ దగ్గర పోయినదేమిటో మీరే చెప్పండి.