సిద్ధరామేశ్వరుని చెరువు – గ్రామముల పొత్తు



కాయకము, దాసోహము అను రెండు మాటలను మన యిండ్లలో చిన్న బిడ్డలు సైతము ఎఱుగుదురు. అయినను వానిని మనము ఎక్కువగా ఒక్కొక్క యింటి ఆచారముగనే గ్రహించుచున్నాము. తన చేతి పని తాను చేసికొనుట కాయకము, వచ్చిన జంగమునకు పెట్టుట దాసోహము అని చెప్పి పాఠము ముగింతుము. ఒక ఊరు కలిసి చేయు కాయకమున్నదా? పది ఊళ్లు ఒకదానికొకటి చేసికొను దాసోహమున్నదా? ఉన్నదనియే శరణుల చరిత్ర చెప్పుచున్నది. దానిని తెలిసికొనుటకు సొన్నలిగె సిద్ధరామేశ్వరుని జీవితముకన్న తగిన పాఠము వేరొకటి లేదు.

నేటి షోలాపురమే నాటి సొన్నలిగె. పన్నెండవ శతాబ్దమున ముద్దుగౌడ, సుగ్గలవ్వ అను కృషీవల దంపతులకు సిద్ధరాముడు జన్మించెను. పసులు కాయుచున్న బాలునియొద్దకు మల్లయ్య జంగమ రూపమున వచ్చి ఆకలి యనగా, బాలుడు ఇంటికి పరుగెత్తి అన్నము తెచ్చునంతలో ఆ జంగముడు కానరాకపోయెను. “మల్లయ్యా!” యని పిలుచుచు, యాత్రికులతో కలిసి మన శ్రీశైలమునకు నడచి వచ్చి, అచ్చటను కానక లోయలో దుముకబోయిన వేళ స్వామి సాక్షాత్కరించి, సొన్నలిగెకు మరలిపొమ్మని ఆజ్ఞాపించెను. రాఘవాంకుడు కన్నడమున రచించిన సిద్ధరామ చరిత్రమునందు ఈ కథ కలదు. సొన్నలిగెను అభినవ శ్రీశైలమని పిలుచుట ఇందువలననే. తెలుగు గడ్డపై దొరకిన దర్శనము కరవు నేలలో చెరువై నిలిచినదని మనము ఒకింత గర్వింపవచ్చును.

తిరిగి వెళ్లిన సిద్ధరాముడు చేసిన పనిని గమనింపవలెను. దేవాలయము కట్టెను, అఱువదియెనిమిది లింగములను ప్రతిష్ఠించెను. వానితోబాటు చెరువు త్రవ్వించెను. షోలాపురము వాన తక్కువ గల ప్రాంతము. అట్టిచోట చెరువనగా కేవలము నీటి గుంట కాదు. మనుష్యునకు, పశువునకు, పైరునకు ప్రాణాధారము. మట్టి తవ్వినవారు, తట్ట మోసినవారు, రాయి కొట్టినవారు ఎందఱో ఆ పనియందు చేరిరి. ఆ చెరువును, దాని నడుమనున్న సిద్ధేశ్వరాలయమును నేటికిని నగర మధ్యమున చూడవచ్చును. మకర సంక్రాంతికి జరుగు గడ్డ యాత్రలో ఏడు నందిధ్వజములు బయలుదేరును. వేర్వేరు సమాజములవారు వానిని మోయుదురు. తెలంగాణమునుండి బ్రతుకు తెరువునకై వెళ్లి షోలాపురమున మగ్గములు పెట్టుకొన్న మన పద్మశాలి సోదరులకును ఆ జాతర పరాయిది కాదు. కర్ణాటకమున భోవి సమాజము, అనగా మన వడ్డెరల వంటి మట్టిపని, రాతిపని చేయు వర్గము, సిద్ధరామేశ్వరుని తమ గురువుగా కొలుచుచున్నది.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలసియున్నది. అల్లమప్రభువు సొన్నలిగెకు వచ్చి సిద్ధరాముని ‘ఒడ్డరాముడ’ని ఎత్తిపొడిచెననియు, కోపించిన పనివారు ఆయనపై రాళ్లు విసరిరనియు శూన్యసంపాదన చెప్పును. దీనినిబట్టి కొందఱు పెద్దలు “చూచితిరా, చెరువులు, గుళ్లు బయటి పనులు, మోక్షమునకు పనికిరావు” అని వ్యాఖ్యానించుచుందురు. ఈ వ్యాఖ్యానము సోమరులకు చాల అనుకూలమైనది! ప్రభువు తప్పుపట్టినది చెరువును గాదు, ‘నేను త్రవ్వించితిని’ అను భావమును. ఆ భావము తొలగిన పిమ్మట సిద్ధరాముడు కల్యాణమునకేగి, చెన్నబసవణ్ణవలన ఇష్టలింగ దీక్ష పొంది, కాలక్రమమున శూన్యసింహాసనమును అధిష్ఠించెను. చెరువును పూడ్పించలేదు! ‘నేను’ పోయినది, నీరు నిలిచినది. సామూహిక కాయకమునకు ఇదియే పునాది. ఎవరి పేరు శిలాఫలకముపై చెక్కవలెనను తగవులో ఎన్ని మంచి పనులు ఆగిపోయినవో మన గ్రామములను చూచిన తెలియును.

రెండవ పాఠము ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మలది. నేలరాలిన బియ్యము ఏరుకొని దాసోహము చేయుట మారయ్య కాయకము. ఒకనాడు అతడు అలవాటుకన్న ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ దానిని ఇంట ఉంచనీయక, తమకు చాలినంతకు మించినది తిరిగి అచ్చటనే విడిచి రమ్మని భర్తను పంపెను. మన స్త్రీలు ఈ కథను మిక్కిలి ప్రీతితో చెప్పుకొందురు. కాని దీనిని బియ్యమునకే పరిమితము చేయుట ఏల? నీటికి చెప్పి చూడుడు. ఎగువ ఊరివాడు తన పొలమునకు చాలినంతకు మించి ఆపుకొన్న నీరు లక్కమ్మ ఇంటిలోనికి రానీయని బియ్యమే.

ఇక చెరువుల సంగతి. కాకతీయుల నాటి పాకాల, రామప్ప, లక్నవరము వంటి మహా తటాకముల మాట అందఱు ఎఱుగుదురు. కాని తెలంగాణమున, రాయలసీమయందు సామాన్య గ్రామమును పోషించినవి చిన్న చెరువుల వరుసలు. వానినే గొలుసుకట్టు చెరువులందురు. పై చెరువు నిండి అలుగు పాఱిన నీరు క్రింది చెరువునకు చేరును. అది నిండి మఱియొకదానికి పోవును. తెలంగాణమున మత్తడి యనియు, సీమలో మరువ యనియు పిలుచు ఆ రాతి కట్టడమే రెండు ఊళ్ల నడుమ ఒడంబడిక. దాని ఎత్తు ఒక్క జానెడు మారినను ఇరు ప్రక్కల బ్రతుకులు మారును. ఆయకట్టు రైతులు దానిపై ఇసుక బస్తాలు పేర్చిరా, నీరు వెనుకకు తన్ని ఎగువ పొలములు మునుగును, దిగువ చెరువు ఎండును. శిఖము భూమిని దున్నుకొనువారు తెల్లవారునాటికి దానికి గండి కొట్టిరా, ఆయకట్టు మొత్తము బీడగును. ఇట్టి తగవులు తరతరములు సాగుటయు, వియ్యములు ఆగుటయు మనము ఎఱుగనివి కావు.

పూర్వులు దీనికి కట్టుబాట్లు ఏర్పఱచిరి. చెరువు కట్టినవారికి, బాగు చేసినవారికి దశబంధ మాన్యములుండెను. తూము తెఱచి మూయుటకు నీరటికాడుండెను. అతడు తన ఇష్టము వచ్చినట్లు గాక ఊరి నిర్ణయము ప్రకారము నీరు వదలవలెను. కరవు ఏటను ఉన్న కొలది నీటికి తగినంత భూమినే, అదియు తూమునకు దగ్గఱగానున్న భూమినే, అందఱు పాళ్లు వేసికొని సాగు చేయు దామాషా పద్ధతి రాయలసీమలో ఉండెను. భూమి ఎవరిదైనను ఆ ఏటికి పంట అందఱిది! ఎట్టి ధర్మబుద్ధి లేనిదే ఇది సాగునో ఆలోచింపుడు. అయితే నాటి కాలమంతయు ధర్మమయమని చెప్పుటయు సరికాదు. కట్టపని వెట్టిగా చేసినవారికి ఆయకట్టులో సెంటు భూమి లేని ఊళ్లెన్నియో ఉండెను.

కరణము, మునసబు, మాన్యము పోయిన తరువాత చెరువు ‘సర్కారుది’ అయ్యెను. అనగా ఎవరిదియు కాకపోయెను. 1997లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము చట్టము చేసి రైతులతో నీటి వినియోగదారుల సంఘములను నెలకొల్పెను. ఆ చట్టమున ఒక కొఱత కలదు. పెద్ద కాలువలకు ఒక సంఘముపై మఱియొక సంఘము ఏర్పడినది గాని, చిన్న చెరువునకు దాని సంఘమే మొదలు, తుద. గొలుసులో పై చెరువునకు, క్రింది చెరువునకు కలిపి కూర్చుండు చోటు లేదు. 2015లో తెలంగాణ రాష్ట్రము మిషన్ కాకతీయ పేర 46,000కు పైగా చెరువులను బాగుచేయు సంకల్పముతో పని మొదలిడెను. పూడిక మట్టిని రైతులు తమ ఖర్చుతో పొలములకు తోలుకొనిరి. ఎఱ్ఱ చెలకలకు ఆ ఒండ్రు తేమ నిలుపు శక్తినిచ్చును. అది మంచి పని. కాని పూడిక తీయుట ఒకనాటి పని. పంపకము ప్రతియేటి పని. జె.సి.బి. మొదటి పని చేయగలదు, రెండవదానికి మనుష్యులు కూర్చుండవలెను.

ఆ కూర్చుండు చోటు మఠము కాగలదని నా అభిప్రాయము. ఇది క్రొత్త ఊహ కాదు. చిత్రదుర్గ జిల్లా సిరిగెఱెలోని తరళబాళు మఠమున సోమవారములందు సద్ధర్మ న్యాయపీఠము జరుగును. వకీలు ఖర్చు లేకుండ గ్రామస్థులు తమ తగవులు చెప్పుకొందురు. ఆ మఠాధిపతులే పూనుకొని, తుంగభద్ర నీటిని ఎత్తిపోసి ఆ ప్రాంతపు చెరువులను వరుసగా నింపు పథకములకై ప్రభుత్వముతో పాటుపడిరి. ఒక్క ఊరు అడిగిన వినని ప్రభుత్వము పదుల ఊళ్లు ఒక్క గొంతుతో అడిగిన వినెను. ఎత్తిపోతలకు కరెంటు కావలెను, మోటారు చెడిన బాగుచేయు నాథుడు కావలెను. అందుచేత వానలకు సహజముగా నిండు కాలువలను మఱచి మోటార్లనే నమ్ముకొనుట వివేకము కాదని మాత్రము మనవి చేయుదును.

ఋణ విషయమునను మార్గము పాతదే. నేటి గదగ జిల్లా కణగినహాళ్ గ్రామమున 1905లో సిద్ధనగౌడ సణ్ణరామనగౌడ పాటీలుగారు స్థాపించిన వ్యవసాయ పరపతి సంఘము దేశమున తొలి సహకార సంఘములలో అగ్రగణ్యము. విద్యకై 1916లో బెళగావిలో ఏడుగురు ఉపాధ్యాయులు కె.ఎల్.ఇ. సంస్థకు బీజము వేసిరి. తుముకూరు సిద్ధగంగా మఠమున శివకుమార స్వామివారు 2019లో లింగైక్యులగువఱకు నడపిన త్రివిధ దాసోహమునందు వేలాది బాలురు కులభేదము లేక భుజించి చదువుకొనిరి. ఆ ధాన్యములో అధిక భాగము చుట్టుప్రక్కల రైతుల గాదెలనుండి వచ్చినదే. మన తెలుగునాట 1261 నాటి మల్కాపురము శాసనము చూడుడు. గోళకీ మఠమువారు వీరశైవులు కారు, ప్రాచీన శైవ సంప్రదాయమువారు. అయినను మందడము, వెలగపూడి గ్రామముల ఆదాయముతో మఠము, విద్యాస్థానము, అన్నసత్రములతోబాటు ప్రసూతిశాల, ఆరోగ్యశాల నడచుటకు అందు ఏర్పాటు కలదు. రెండు గ్రామముల భూమి ఎందఱి కొఱకు పండినదో!

ఉగాదికి కన్నడ భక్తులు శ్రీశైలమునకు కాలినడకన వచ్చుట మనము ఏటేటను చూచుచున్నాము. దారి పొడవున మన పల్లెలవారు అంబలి, మజ్జిగ, అన్నము పెట్టుదురు. ఏ ఊరు ఎచ్చట పందిరి వేయవలెనో, ఎవరు ఏ పూట వండవలెనో ఎవరును ఉత్తరువు ఇయ్యరు. రాష్ట్రపు ఎల్లలు, భాషలు అడ్డురావు. యాత్రికునకు నీరిచ్చుటలో ఇంత చక్కగ కలిసిన ఊళ్లు, పొలమునకు నీరిచ్చుటలో కత్తులు నూరుట ఏమి విచిత్రము!

కావున ప్రతి మఠమును, మఠము లేనిచోట పది యిండ్ల శరణులును, తమ ప్రాంతపు ఒక్క గొలుసునైనను చేపట్టవలెను. ఉగాది వెళ్లిన వెంటనే అన్ని ఊళ్లనుండి ఇద్దఱిద్దఱు చొప్పున పై చెరువునుండి చివరి చెరువువఱకు కాలువ వెంట నడవవలెను. కాగితముపై చూచిన కాలువ వేఱు, కాలితో నడచిన కాలువ వేఱు. ఎచ్చట కంప పెరిగినదో, ఎచ్చట ఎవరు గట్టు జరిపిరో అందఱి కన్నుల యెదుట తేలును. గట్టు జరిపినవాడు మన బంధువే కావచ్చును. అచ్చటనే మన శరణ ధర్మమునకు పరీక్ష. అలుగు ఎత్తును రాతిపై గుర్తుపెట్టి రెండు ఊళ్లవారు సమ్మతింపవలెను.

ఈ పనిలో లింగధారులు మాత్రమే కూర్చుండినచో అది కుల పంచాయితీ యగును గాని అనుభవ మంటపము కాదు. ఆయకట్టు కొసన ఎకరము, అర ఎకరము గలవారు తఱచుగ ఇతర కులములవారు. శిఖములో చేపలు పట్టి బ్రతుకువారు, బట్టలుతుకువారు, గొఱ్ఱెలు తోలువారు చెరువుపై హక్కు గలవారే. నీరు మోయు స్త్రీలకు ఏ నెలలో ఏ బావి ఎండునో మగవారికన్న బాగుగ తెలియును. వీరందఱికిని మాట యుండవలెను. మంటపమున మడివాళ మాచయ్యకు, అంబిగర చౌడయ్యకు స్థానమిచ్చిన ధర్మము మనది.

పూడిక తీయునపుడు కట్ట మొదట త్రవ్వరాదు, కట్ట జాఱును. తూము అడుగు మట్టమునకు దిగువగా త్రవ్విన గుంటలోని నీరు కాలువకు ఎక్కదు. బావులకు ఊటగా మాత్రము పనికివచ్చును. ఇసుక మేట వేసినచోటి మట్టి పొలమునకు తోలరాదు. ముందుగ మట్టి పరీక్ష చేయించుట మేలు. ఎంత మట్టి ఎవరికి చేరినదో, ఎవరు ఎన్ని దినములు పనిచేసిరో ఒక పుస్తకమున వ్రాసి మఠమున అందఱికి కనబడునట్లు ఉంచవలెను. బండి లేనివాని పొలమునకు బండి గలవాడు రెండు తడవలు తోలిన అదియు ఆ పుస్తకమునకెక్కవలెను. ఈ పనియంతయు మృగశిర కార్తె ప్రవేశించులోపల ముగియవలెను. ఆ పిమ్మట చెరువులోనికి బండి దిగదు.