ముక్కు మునిగేంత నీళ్ళు

గుంతకల్లు
కార్తీక మాసం

చిరంజీవికి మీ చిన్నాయన ఆశీర్వదించి రాసేది.

మీ చిన్నమ్మకు మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గింది. నీ జాబు అందింది. అంతకు ముందే బళ్ళారి నుంచి వచ్చిన మనవాళ్ళ పిల్లోడు ఒకడు చెప్పినాడు, నువ్వు బెంగుళూరు నుంచి హోమర్ పావురాల జతలు తెప్పించినావని, వాటి మీద కుర్రాళ్ళతో పందెం కట్టినావని. జాబులో పావురాల గురించి అంత రాసినావు గానీ పందెం మాట ఎక్కడా లేదు. అందుకే నాకు దిగులు పట్టుకుంది. మీ నాయన కాలంలో మనింట్లో జరిగింది నీకు తెలియనిది కాదు, దాన్ని మళ్ళీ ఎత్తను. ఇచ్చిన డబ్బు తిరిగి వస్తే తీసుకో, రాకపోతే పోయిందనుకో. ఇంకో రూపాయి మాత్రం పెట్టొద్దు.

ఆ జతలను సంక్రాంతికి ఎగరేసి చూస్తానని రాసినావే, ఆ పని చెయ్యొద్దు నాయనా. హోమరు మొదట రెక్క విప్పి తిరిగిన గూడే దాని ఇల్లు. ఆర్నెల్లు మేపినా సరే, తలుపు తీసిన రోజు మన మిద్దె మీద రెండు చుట్లు తిరిగి దక్షిణానికి మళ్ళుతుంది. మన విడపనకల్లు నుంచి బెంగుళూరు గాలిదారిన 240 కిలోమీటర్లుంటుంది, గాలి అనుకూలిస్తే దానికి నాలుగు గంటల పని. బెల్జియంలో న్యూ కిమ్ అనే ఆడ పావురం 2020లో 16 లక్షల యూరోలకు వేలంలో పోయిందని గొప్పగా రాసినావు. నిజమే. కానీ కొన్నవాళ్ళు దాన్ని ఎగరేయడానికి కొనలేదు, పిల్లల కోసం కొన్నారు. నువ్వూ అదే చెయ్యి. తెచ్చినవాటిని లోపలే ఉంచి పిల్లలు తీయించు. ఆ పిల్లలే నీ పావురాలు.

ఇక అసలు సంగతి. నీ జాబులో గూడు కొలతలున్నాయి, జాలీ ఎంత సందుదో ఉంది, గూట్లోకి దిగే ట్రాప్ బొమ్మ కూడా గీసినావు. చాలా బాగుంది, మీ చిన్నమ్మకు చూపించి మురిసిపోయినాను. కానీ నీళ్ళు ఎందులో పెడుతున్నావో ఒక్క మాట రాయలేదు. విడపనకల్లులో పావురాలు పెంచేవాడు మొదట రాయాల్సింది నీళ్ళ గురించి. మనది దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లు పడితే మంచి ఏడాది అనుకుంటాము. అట్లాంటి చోట రెక్కలున్న జీవిని పెట్టుకున్నాక, అది నీళ్ళ కోసం ఇంకో చోట వెతుక్కునే అవసరం రానివ్వకూడదు.

కోడి నీళ్ళు తాగడం చూసినావు కదా. ముక్కుతో ఒక గుక్క తీసుకుని, తల పైకెత్తి మింగుతుంది. పావురం అట్లా కాదు. ముక్కు మొదట్లో తెల్లటి బుడిపె ఉంటుందే, అక్కడిదాకా నీళ్ళలో ముంచి, తల ఎత్తకుండా ఒకటే పీల్పున పీలుస్తుంది. గొంతు కింద ఈకలు కదలడం కనిపిస్తుంది, దగ్గర కూర్చుని చూడు. మూకుట్లో అడుగున మిగిలిన నీళ్ళు కోడికి చాలు, పావురానికి పనికిరావు. నీళ్ళు ఎదురుగా ఉన్నా దాహంతో నిలబడుతుంది. కాబట్టి లోతున్న మట్టి తొట్టి పెట్టు. పైన మూత వేసి, తల మాత్రమే దూరేటట్టు పక్కన కంతలుండాలి. లేకపోతే లోపలికి దిగి స్నానం చేస్తాయి, రెట్ట వేస్తాయి. స్నానానికి వెడల్పాటి పళ్ళెం వేరే పెట్టు, అవి ముగించగానే ఎత్తెయ్యి.

పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి నీళ్ళు మార్చాలి. చేత్తో రుద్ది చూడు, తొట్టి లోపల జిగురు తగిలితే బూడిద వేసి తోము. క్యాంకర్ అనే రోగం ఎక్కువగా నీళ్ళ ద్వారానే ఒకదాని నుంచి ఒకదానికి పోతుంది. నోరు తెరిచి చూస్తే గొంతులో పసుపుపచ్చగా జున్నులాంటి గడ్డ కనిపిస్తుంది. పిల్లలకైతే తల్లిదండ్రుల నోటి నుంచే అంటుతుంది. గుడి పావురాలు వచ్చి నీ తొట్టిలో తాగకుండా చూసుకో, అవి తిరగని చోటు ఉండదు. గుడ్లు పగిలి పిల్లలు వచ్చిన రోజుల్లో నీళ్ళు మరీ ముఖ్యం. ఆడదానికీ మగదానికీ రెండింటికీ గొంతు సంచిలో పాలలాంటిది ఊరుతుంది, మొదటి రోజుల్లో పిల్లకు అదే ఆహారం. తర్వాత గింజలు నానబెట్టి పెట్టేది కూడా ఆ గొంతులోనే. నీళ్ళు చాలకపోతే ఆ పాలు ఎక్కడి నుంచి ఊరతాయి, ఆ గింజలు ఎట్లా నానతాయి?

ఎండాకాలం ట్యాంకరు వచ్చే రోజుల్లో మీ అవ్వ ఏం చేసేదో మీ నాయన చెప్పే ఉంటాడు. వరుసలో నిలబడి తెచ్చిన బిందెలో మొదటి చెంబు పావురాలకు పోసేది. మేము దాహమని అరుస్తున్నా సరే. ‘మీకు నోరుంది, అడుక్కుంటారు’ అనేది. ఆ చెంబు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఇప్పుడు ఇంకో భయం ఉంది. ఇది నల్లరేగట్లో పప్పుశనగ విత్తే కాలం. విత్తనానికి మందు పట్టించి విత్తుతారు. హెచ్చెల్సీ కాలువ కింద మిరపచేలల్లో మందు కొట్టిన పంపులు కాలువ గట్టునే కడుగుతారు. దాహమేసిన పావురం ఆ కడిగిన నీళ్ళు నిలిచిన గుంటలోనే ముక్కు ముంచుతుంది. అట్లా పోయిన పావురాన్ని డేగ ఎత్తుకుపోయిందని అనుకుంటాము. గూట్లో నీళ్ళు, గింజ, కాస్త ఇటుకపొడి, ఉప్పు వేళకు ఉంటే అవి చేల మీద వాలవు.

నేను రైల్వేలో చేరిన కొత్తలో, గుంతకల్లు డివిజను ఇంకా సదరన్ రైల్వేలో ఉన్న రోజుల్లో, గూడ్సు గార్డు ఒకాయన క్వార్టర్స్ వెనక హోమర్లు పెంచేవాడు. 1977కు ముందు మాట ఇది. బ్రేక్ వ్యానులో వెదురుబుట్ట పెట్టుకుని గుత్తిలో ఒకసారి, తాడిపత్రిలో ఒకసారి, ఎర్రగుంట్లలో ఒకసారి, అట్లా దూరం పెంచుకుంటూ వదిలేవాడు. బండి ఎప్పుడూ తూర్పుకే పోతుంది కాబట్టి అవి ఒక్క దారినే బాగా నేర్చుకున్నాయి. తాడిపత్రిలో బండి నిలిచిపోయిన ఒక రోజు నన్ను బుగ్గ రామలింగేశ్వరుని గుడికి తీసుకుపోయినాడు. పెన్నలో ఇసుక తప్ప ఏమీ లేదు, గర్భగుడిలో మాత్రం లింగం దగ్గర నీళ్ళు ఊరుతూనే ఉన్నాయి. ఆయన ఆ నీళ్ళు ఒక సీసాలో పట్టుకుని వచ్చి, బుట్టలో పావురాలకు పోసి, అవి తాగినాకనే వదిలినాడు. భక్తి అనుకున్నాను అప్పుడు. భక్తి ఉంది, పనితనమూ ఉంది. బుట్టలో తాగడం అలవాటు లేని పావురం కొత్త చోట నీళ్ళు పెట్టినా ముట్టదు. ఆ అలవాటు ఇంట్లోనే చేయించాలి. పిల్లలను రాత్రి బుట్టలో ఉంచి, పొద్దున బుట్టకు తగిలించిన తొట్టిలోనే నీళ్ళు పెట్టు. రెండు మూడు సార్లకు నేర్చుకుంటాయి.

నువ్వూ తూర్పు దారే పట్టు. నెల దాటి తమంతట గింజ తింటున్న పిల్లలను మొదట మిద్దె మీద జాలీ పంజరంలో సాయంత్రాలు కూర్చోబెట్టు, చుట్టూ చూసుకోనీ. తర్వాత మేతకు ముందు, ఆకలి మీద వదిలి, డబ్బాలో గింజలు ఆడించి పిలువు. ఊరి చుట్టూ ధీమాగా తిరగడం వచ్చినాక రెండు కిలోమీటర్లు, ఐదు, తర్వాత కొనకొండ్ల, గుంతకల్లు, గుత్తి. ఆషాఢం గాలిలో మాత్రం వద్దు, ఇంటికి వచ్చేటప్పుడు ఎదురుగాలి అవుతుంది. ఆ గాలి బలమెంతో ఉరవకొండ పక్క గాలిమరలను చూస్తే తెలియదూ. మబ్బు పట్టిన రోజు కొత్తవాటిని వదలొద్దు. వాటికి సూర్యుడే మొదటి దిక్సూచి. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ విలియం కీటన్ 1971లో పావురాలకు అయస్కాంతాలు కట్టి వదిలితే, ఎండ ఉన్న రోజు ఇబ్బంది పడలేదు, మబ్బు రోజు తికమక పడినాయి. ఎండాకాలం బుట్ట ఎత్తనే వద్దు.

పావురాల పని ఈ కాలంలో దేనికని మీ అమ్మ అడుగుతోందట. ఒడిశా పోలీసులు 1946లో కోరాపుట్‌లో పావురాల టపా మొదలుపెట్టినారు, మన రాష్ట్రం ఎల్లకు దగ్గరే అది. 1948లో నెహ్రూ గారు సంబల్‌పూర్ నుంచి కటక్‌కు పావురం మీద కబురు పంపినారు. 1999 తుపానులో తీగలన్నీ తెగిపోతే అవే పనికొచ్చినాయి. ఈ మాటలు అమ్మకు చదివి వినిపించు. ఇంకో మాట, గూడు ఊడ్చేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకో, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీ చిన్నప్పటి ఆయాసం నేను మరవలేదు.

మట్టి తొట్లు రెండు కుమ్మరికి చెప్పి చేయించినాను, లోతు నేనే కొలిచినాను. వచ్చే ఆదివారం బస్సులో పంపుతాను, స్టాండుకు వచ్చి దించుకో. వాటితో పాటు మీ చిన్నమ్మ కొర్రలు మూట కట్టింది, సగం మీకు, సగం పావురాలకు. గుడ్డు పగిలి వచ్చినాక వారం దాటకముందే పిల్లల కాళ్ళకు రింగులు వెయ్యి, ఆలస్యమైతే వేళ్ళు పట్టవు. వేసినాక నంబర్లు రాసి పంపు, నా పుస్తకంలోనూ ఎక్కించుకుంటాను.

ఇట్లు,
మీ చిన్నాయన