ఆపరేషన్ అయి నాలుగు నెలలు, నొప్పి పోలేదు

మాది జమ్మలమడుగు పక్కన పల్లె. ప్రొద్దుటూరులో బట్టల అంగట్లో పని. బేళ్లు దించేది నేనే. వయసు 36. ఇద్దరు పిల్లలు, రెండు కాన్పులూ పెద్దాపరేషన్లే. రెండోసారి నా భార్యకు రక్తం ఎక్కించాల్సి వచ్చింది. మళ్లీ ఆమె కడుపు కోయించడం ఇష్టంలేక నాలుగు నెలల కిందట నేనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నాను. కూలి పోతుందని మూడోరోజే పనికి పోయి బేళ్లు ఎత్తాను.

వారానికి ఎడమ బీజంలో బరువుగా గుంజడం మొదలైంది. ఇప్పటికీ పోలేదు. బైకు మీద ప్రొద్దుటూరు చేరేసరికి గజ్జ దాకా పాకుతుంది. భార్యతో కలిసిన తర్వాత ఇంకా ఎక్కువ. ఆపరేషన్ చేసినచోట చూపిస్తే బిళ్లలిచ్చి, "అంతా నీ మనసులోదే" అన్నారు. పులివెందులలో మా అత్త "మగోనికి యాడన్నా ఆ ఆపరేషన్ చేపిస్తారా" అని కూతుర్ని తిట్టింది. తనవల్లే నాకీ బాధ అని నా భార్య రాత్రిళ్లు ఏడుస్తోంది. అన్నా, ఈ నొప్పి జీవితాంతం ఉంటుందా? నా బలం పోయిందా?

– పేరు వద్దు, జమ్మలమడుగు

తమ్ముడూ, నీ నొప్పి నిజం. మనసులోదే అన్నవారు నిన్ను సరిగా పరీక్షించలేదు.

నీకు చేసిన ఆపరేషన్‌లో, అంటే వేసెక్టమీలో, బీజాన్ని ముట్టుకోరు. వీర్యకణాలు పోయే రెండు సన్నని నాళాలను కత్తిరించి మూస్తారు. కణాలు మాత్రం ఎప్పట్లాగే పుడుతుంటాయి. దారిలేక బీజం వెనకున్న గొట్టాల చుట్టలో నిండి ఒత్తుతాయి. కొందరికి కోసినచోట కారి చిన్న గడ్డ కడుతుంది, ఇంకొందరికి మానే గాయంలో నరం ఇరుక్కుంటుంది. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. నూటికి ఒకరిద్దరికి మూడు నెలలు దాటినా పని చేసుకోనీయనంతగా మిగులుతుంది. ఈ మాట నీకు ముందే చెప్పాల్సింది. వారం దాకా బరువెత్తకూడదనీ గట్టిగా చెప్పాల్సింది. బేళ్లు ఎత్తినందుకు నిన్ను తప్పుపట్టను. రోజుకూలీకి వారం సెలవు ఎవరిస్తారు?

జీవితాంతం ఇలాగే ఉండిపోవాలని లేదు. కడప పెద్దాసుపత్రికో, తిరుపతి స్విమ్స్‌కో వెళ్లి యూరాలజిస్టుకు చూపించు. బీజాల స్కానింగ్ అడుగు. అప్పటిదాకా లంగోటా గానీ, బిగుతు డ్రాయరు గానీ వేసుకో, బరువులు తగ్గించు. నొప్పిబిళ్లలు మెడికల్ షాపులో సొంతంగా కొని నెలల తరబడి మింగొద్దు, కడుపూ కిడ్నీలూ దెబ్బతింటాయి. మందులతో తగ్గకపోతే నరానికి మత్తుసూది ఉంది, నరాలను కత్తిరించే ఆపరేషన్ ఉంది, చివరికి నాళాన్ని తిరిగి కలిపే ఆపరేషన్ కూడా ఉంది. జ్వరం, వాపు, చీము కనిపించినా, ఉన్నట్టుండి నొప్పి తీవ్రమైనా ఆరోజే ఆసుపత్రికి పోవాలి.

బలం ఎక్కడికీ పోలేదు. మగతనాన్నిచ్చే హార్మోను రక్తంలో కలుస్తుంది, ఆ నాళంలోంచి పోదు.

మీ అత్త మాటలో పాత భయముంది. ఎమర్జెన్సీలో, 1976-77 ఒక్క ఏడాదే, దేశంలో 60 లక్షలకు పైగా మగవాళ్లకు ఈ ఆపరేషన్ చేశారు. చాలామందిని బలవంతంగా పట్టుకుపోయారు. ఆ తర్వాత భారమంతా ఆడవాళ్ల మీద పడింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి మన రాష్ట్రంలో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. మగవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. ఆ కొద్దిమందిలో నువ్వున్నావు. రెండుసార్లు కోసిన కడుపును మూడోసారి కోయనివ్వలేదు. నీ భార్యను డాక్టరు దగ్గరికి వెంట తీసుకుపో. తనవల్ల కాదని ఆమె అక్కడే వినాలి.

నువ్వు రాయని సంగతి ఒకటుంది, నాకు దానిమీదే ఎక్కువ బెంగ. మూడు నెలల తర్వాత వీర్యపరీక్ష చేయించావా? కణాలు లేవని తేలేదాకా గర్భం రావచ్చు. రెండు సిజేరియన్లయి, రక్తం ఎక్కించుకున్న మనిషికి అది ప్రమాదం. రిపోర్టు చేతికొచ్చేదాకా నిరోధ్ వాడు. ఈ వారమే ఒకరోజు అంగడికి సెలవు చెప్పి ఇద్దరూ వెళ్లండి.